గాజుల సైజు తగ్గిన శ్రావణం

2022 జూన్. ధర్మవరంలో ఒక ఆసుపత్రిలో ఎన్.సి.డి. క్లినిక్ చూసుకుంటున్నాను. ఎన్.సి.డి. అంటే ఒకరి నుంచి ఒకరికి అంటుకోని జబ్బులు. సులువుగా చెప్పాలంటే బీపీ, షుగరు, వాటిని పట్టుకుని వచ్చే మిగతా బాధలు. గది చిన్నది. ఒక బల్ల, రెండు కుర్చీలు, బరువు మిషను, గోడకు ఎత్తు కొలిచే పట్టీ. బయట వరండాలో మాత్రం ఎప్పుడూ జనమే.

మాది పెనుకొండ. రోజూ రైల్లో వచ్చి పోతాను. నర్సు ఉద్యోగంలో ఇరవై ఏళ్లు దాటాయి. పేషెంట్లు నాకు పెట్టిన పేరు 'తిట్టే సిస్టరు'. మాత్రలు మానేసి వచ్చినవాళ్లనూ, 'ఒక్క మైసూరుపాకే కదమ్మా' అని నవ్వేవాళ్లనూ ఊరికే వదలను. నేను కూడా ఎనభై కిలోలకు దగ్గర్లోనే ఉన్న సంగతి, బల్ల వెనక కూర్చుంటాను కాబట్టి, అంతగా బయటపడదు.

ఆ నెలలోనే చౌడమ్మ మొదటిసారి వచ్చింది. యాభై ఒక్క ఏళ్లు. ఐదడుగులకు అంగుళం తక్కువ ఎత్తు, ఎనభై నాలుగు కిలోల బరువు. అరికాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయని వచ్చింది. షుగరు చూస్తే ఎక్కువ, బీపీ చూస్తే అదీ ఎక్కువ. చేతిగాజులు ఎంత బిగుతుగా ఉన్నాయంటే, అవి చర్మంలోకి దిగి గీతలు పడ్డాయి.

ఆమె పని గురించి కొంచెం చెప్పాలి. పట్టుచీర నేసే మగ్గం మీద వార్పు, అంటే నిలువు పోగులు, అయిపోయాక కొత్త వార్పు ఎక్కించాలి. పాత పోగు కొసకు కొత్త పోగు కొసను వేళ్లతో మెలిపెట్టి ఒక్కొక్కటే అతకాలి. అవి వేలల్లో ఉంటాయి. ఒక్కటి తప్పినా చీర పొడవునా తెలిసిపోతుంది. చౌడమ్మ ఆ పనిలో చెయ్యి తిరిగిన మనిషి. నాలుగైదు వీధుల వాళ్లు ఆమె కోసం రోజులు ఆగి మరీ పిలిపించుకుంటారు. పొద్దున మగ్గం దగ్గర కూర్చుంటే భోజనాల దాకా లేవదు.

మా డాక్టరు చిన్నవాడు, ఓపికమంతుడు. ఆమె బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క, చూసి, "ఏడాదిలో పది కిలోలైనా తగ్గాలమ్మా" అన్నాడు. ఆమె తల ఊపింది. తిండి ఎలా మార్చుకోవాలో నేను కాగితం మీద రాసిచ్చాను. దానికీ తల ఊపింది.

జూలైలో ఎనభై ఐదు. ఆగస్టులో ఎనభై ఐదున్నర. సెప్టెంబరులో మిషను ఎనభై ఆరున్నర చూపించేసరికి నేను ఒంటికాలి మీద లేచాను.

"ఏమ్మా, రాసిచ్చిన కాగితం పొయ్యిలో పెట్టినావా?"

"లేదు సిస్టరమ్మా, మీరు చెప్పినట్లే తింటాండా."

"చెప్పినట్లు తింటే ఇట్ల పెరుగుతావా? మిషను అబద్ధం చెప్తాదా? నీకు తగ్గాలని ఉండాదా లేదా, అది చెప్పు ముందు."

ఇలా గట్టిగా అడిగితే ఎవరైనా 'ఉంది మేడమ్, ఈసారి చూడండి' అంటారు. ఆ జవాబు కోసమే అడుగుతాం కూడా. చౌడమ్మ మాత్రం తలెత్తి నా కళ్లలోకి చూసింది.

"లేదు సిస్టరమ్మా. నాకు తగ్గాలని లేదు."

షుగరు మాత్రలు తీసుకుని నిమ్మళంగా వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో నాతో ఆ మాట అన్న పేషెంటు లేదు. కోపం రావాల్సింది, రాలేదు. ఈమె దగ్గర నాకు తెలియనిదేదో ఉందని మాత్రం అనిపించింది.

అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం ఆశా వర్కర్‌ను వెంటబెట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను. ముందు గదిలో గుంత మగ్గం. చౌడమ్మ భర్త రామాంజనేయులు నేస్తున్నాడు. ఆపకుండానే, "వెనక ఉండాది, పోండమ్మా" అన్నాడు. వెనక వసారాలో చౌడమ్మ చాప మీద కూర్చుని ఉంది. ఆమె ఎదురుగా గోడకు ఆనుకుని, ఎముకలగూడులాంటి ఒక ముసలామె. చౌడమ్మ అన్నంలో నెయ్యి పోసి కలిపి ముద్దలు చేసి ఆమె నోటికి అందిస్తోంది.

"తిను అక్కా, ఇంకొంచెం. ఒళ్లొస్తే నీకు అన్నీ గుర్తొస్తాయి."

ఆమె చౌడమ్మకు పెద్దక్క, ఓబుళమ్మ. అరవై నాలుగేళ్లే, చూస్తే ఎనభై అనుకుంటారు. డిమెన్షియా, మన మాటల్లో మతి పోయే జబ్బు. ఆరేళ్లుగా ఉంది. ఏడాది నుంచి ఎవరినీ పేరు పెట్టి గానీ వరస పెట్టి గానీ పిలవలేదట. వాళ్ల అమ్మ పోయాక పసిపిల్లగా ఉన్న చౌడమ్మను పెంచింది ఈమేనేమో అనుకున్నాను, అది కాదు. అమ్మ బతికే ఉండేది, కానీ రోజంతా మగ్గాల దగ్గర పని. పద్నాలుగేళ్ల అక్కే చెల్లెలిని చంకనేసుకుని తిరిగింది.

"మీ అమ్మకు కూడా ఇదే జబ్బా?" అని అడిగాను.

చౌడమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

వాళ్ల ఇంట్లో ఒక ఆచారం ఉంది. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు గాజులామె ఇంటికి వస్తుంది. ఆడవాళ్లంతా వరసగా కూర్చుంటారు. గాజులామె ఒక్కొక్కరి చెయ్యి పిసికి చూసి, సైజు పైకి చెప్పి, గాజులు ఎక్కిస్తుంది. రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అని గాజుల సైజులు. ఎవరిది ఎంతో ఇంటిల్లిపాదికీ గుర్తు. ఒక శ్రావణంలో వాళ్ల అమ్మకు రెండు ఆరు వదులై రెండు నాలుగు పట్టింది. మరుసటి శ్రావణానికి అవీ జారిపోయాయి. ఆ తర్వాత రెండేళ్లకు ఆమె పోగులు తప్పు అతకడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్లకు తన ఇల్లు ఏదో తనకు తెలియకుండా పోయింది. పెద్దక్క విషయంలోనూ అచ్చంగా అదే వరస. ముందు గాజుల సైజు తగ్గింది, తర్వాత మతి.

"మా ఇంట్లో చిక్కితే మతి పోతాది సిస్టరమ్మా. రెండుసార్లు కండ్లారా చూసినా. మీరేమో తగ్గు, తగ్గు అంటాండారు. తగ్గి నేనేమైపోవల్ల? పోగు మీద పోగు అతికే నా పని ఏమైపోవల్ల? అక్కకెవరు పెడతారు?"

అప్పుడు నాకు బుర్రకెక్కింది. ఈ మనిషి తిండిపోతు కాదు. సోమరి అంతకన్నా కాదు. తన మతి కాపాడుకోవడానికి తింటోంది. పొద్దున రెండు ముద్దల సంగటి, పదకొండుకు చెనిక్కాయలు, బెల్లం, మధ్యాహ్నం నెయ్యి వేసుకుని అన్నం, శుక్రవారం ఓళిగలు, అంటే బొబ్బట్లు. ఆకలి లేకపోయినా మందు మింగినట్టు మింగుతోంది. నేను మూడు నెలలుగా తిట్టింది ఆ మనిషిని. సిగ్గేసింది.

వాళ్లు చూసింది అబద్ధం కాదు. ఒకదాని వెనక ఒకటి జరిగిన మాట నిజమే. దేనివల్ల ఏది జరిగిందన్న దగ్గరే పొరబాటు పడ్డారు. నాకు తెలిసినంతలో చెప్పడానికి ప్రయత్నించాను.

"చౌడమ్మా, ఈ జబ్బు మెదడులో మొదలైన చానా ఏండ్లకు గానీ మతిమరుపు బయటపడదు. ఆ లోపలే ఆకలి మందగిస్తాది. వాసన, రుచి తెలీవు. తినింది లేనిది గుర్తుండదు. అందుకే మనిషి చిక్కుతాది. మీ అమ్మ చిక్కినందువల్ల జబ్బు రాలేదు. అప్పటికే జబ్బు లోపల ఉన్నందువల్ల చిక్కింది. మీ అక్క కూడా అంతే."

నేను ఇంకా చెప్పాను. నడివయసులో ఒళ్లు మరీ పెరిగితే, దానికి షుగరూ బీపీ తోడైతే, మెదడుకు రక్తం మోసే నాళాలు దెబ్బతింటాయి. ముందుముందు మతి పోయే ప్రమాదం దానివల్లే పెరుగుతుంది. డాక్టర్లు దీన్ని రిస్క్ ఫ్యాక్టర్ అంటారు, అంటే జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచేది. అమ్మకూ అక్కకూ ఉండటం ఒక రిస్క్. దాన్ని మనం మార్చలేం. ఒంటి బరువు రెండోది. మార్చుకోగలిగింది అదే. ఆమె మాత్రం దాన్నే పెంచుకుంటూ పోతోంది.

చౌడమ్మ అక్కవైపు చూసింది. తన గురించి అడుగుతుందనుకున్నాను.

"అయితే మా అక్కకు ఒళ్లొచ్చినా మతి రాదా?"

నాలుగేళ్లుగా రోజుకు మూడు పూటలు ఆమె అక్క నోట్లో పెట్టిన ప్రతి ముద్దా ఆ ఆశతో పెట్టిందే. నా ఉద్యోగంలో చావు కబుర్లు చెప్పాను గానీ ఇంత కష్టపడి ఏ మాటా చెప్పలేదు.

"రాదమ్మా."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. గిన్నెలో మిగిలిన అన్నం చూసింది. మళ్లీ కలిపి ముద్ద చేసింది.

"పోనీలే. ఆకలైతే ఉంటాది గదా" అంటూ అక్క నోటికి అందించింది.

ఆ క్షణంలో ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు, పెట్టి ఉంటే ఆమె కంగారుపడేది. అక్కకు మాత్రం నెయ్యీ, పాలూ, మెత్తటి తిండీ ఆపొద్దని, ఆ జబ్బులో ఒళ్లు తగ్గకుండా చూసుకోవడం అవసరమేనని చెప్పి వచ్చాను. ఒకే ఇంట్లో అక్క బరువు పెరగాలి, చెల్లెలి బరువు తగ్గాలి. వాళ్లిద్దరికీ వండేది చెల్లెలే.

ఆ నెలాఖరున మా డాక్టరు ఆమెను హిందూపురం పంపించాడు. అక్కడ నరాల డాక్టరు ఒకాయన నెలకు రెండుసార్లు వచ్చి చూస్తాడు. బేస్‌లైన్ చేయించాలని మా ఉద్దేశం. అంటే ఇవాళ జ్ఞాపకశక్తి ఎలా ఉందో రాసిపెట్టుకుంటే, ఏడాది తర్వాత పోల్చి చూసుకోవచ్చు. నాకు ఆ రోజు సెలవు కాబట్టి పెనుకొండలో అదే రైలెక్కి వాళ్లతో కలిశాను. చౌడమ్మతో పాటు కూతురు భార్గవి వచ్చింది. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో, తయారైన భాగాలు సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్షించే పని ఆ పిల్లది. ఇరవై ఆరేళ్లు. చురుకైంది. ఫోనులో చదవాల్సినవన్నీ చదివేసుకుని, భయపడాల్సినంతా భయపడి వచ్చింది.

డాక్టరు చౌడమ్మను రకరకాలుగా పరీక్షించాడు. ఐదు మాటలు చెప్పి, కాసేపటికి మళ్లీ అడిగాడు. ఐదూ చెప్పింది. తేదీ, వారం, ఊరు, ఇరవై నుంచి వెనక్కి లెక్క, అన్నీ చెప్పింది. చివర్లో, "ఇంతేనా నాయనా? ఇంకేమన్నా అడుగు" అంది. ఆయన నవ్వి, "చాలమ్మా, నాకంటే బాగుంది" అన్నాడు.

అప్పుడు భార్గవి అడిగింది. "సార్, జీన్ టెస్టు చేయిస్తే మా అమ్మకు వస్తాదో రాదో తెలిసిపోతాది కదా? నాకు కూడా చేయించండి."

ఆయన పెన్ను పక్కన పెట్టి చెప్పిన తీరు నాకు నచ్చింది. పెద్దవయసులో వచ్చే ఈ జబ్బుకు ఒక్క జన్యువునే కారణమని చూపించలేమన్నాడు. ఒక రకం జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో వస్తే జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది, ఇద్దరి నుంచీ వస్తే ఇంకా పెరుగుతుంది. ఆ రకం ఉండి కూడా తొంభై ఏళ్లు శుభ్రంగా బతికినవాళ్లున్నారు. అది లేకుండానే జబ్బు వచ్చినవాళ్లూ ఉన్నారు. "టెస్టులో ఉందని వచ్చినా నేను చెప్పేది ఒకటే. షుగరు, బీపీ, బరువు అదుపులో పెట్టుకోండి, నడవండి. లేదని వచ్చినా అదే చెప్తాను" అన్నాడు.

భార్గవి తల్లివైపు తిరిగింది. "మా లైన్లో కూడా అంతేమా. కొన్ని బ్యాచ్‌లలో తప్పులు ఎక్కువొస్తాయని ముందే తెలుస్తాది. అట్లని పారేయం. వాటిని ఎక్కువసార్లు చెక్ చేస్తాం, అంతే."

"అయితే నేను తప్పుల బ్యాచ్ అంటావా?" అంది చౌడమ్మ.

"నేను కూడా అదే బ్యాచ్ లేమా."

తల్లీకూతుళ్లు నవ్వారు. భయం తగ్గినట్టేమీ లేదు, భయపడుతూనే నవ్వారు.

తిరుగు రైల్లో చౌడమ్మ నా పక్కన కూర్చుంది. నేను దిగాల్సిన పెనుకొండ దగ్గరపడగానే, "తగ్గుతాను సిస్టరమ్మా" అంది. ఆ ఒక్క మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో అప్పుడు నాకు పూర్తిగా తెలియలేదు. తర్వాత తెలిసింది.

మామూలుగా బరువు తగ్గేవాళ్లకు మిషను మీద అంకె దిగితే సంబరం. చౌడమ్మకు అంకె దిగిన ప్రతిసారీ భయం. తన అమ్మా అక్కా ఏ దారిన వెళ్లారో, అదే దారిలో తెలిసి తెలిసి నడుస్తున్నట్టు ఉండేది ఆమెకు. అయినా నడిచింది. సంగటి రెండు ముద్దలు ఒకటైంది. బెల్లం మానేసింది. శుక్రవారం ఓళిగలు ఇంట్లో అందరికీ చేసి తాను వాసన చూసి లేచేది. పోగులు అతికేటప్పుడు గంటకోసారి లేచి వీధి చివరిదాకా వెళ్లి వచ్చేది. పిలిపించుకున్నవాళ్లు విసుక్కుంటే, "నాకు కాళ్లు తిమ్మిరి, ఉంటే ఉండండి లేకుంటే ఇంకొకర్ని పిలుచుకోండి" అనేదట. ఇంకొకర్ని ఎవరూ పిలుచుకోలేదు.

భయం వేసినప్పుడల్లా నాకు ఫోను చేసేది. నేను ఒకటే అడిగేదాన్ని. "నిన్న మూడు పూటలా ఏం తినింటివో చెప్పు." తడుముకోకుండా చెప్పేది. ఎన్ని ముద్దలు, ఏ కూర, ఎవరు వడ్డించారు, అన్నీ. "ఇదిగో, నువ్వు కావాలని తగ్గుతాండావు. మీ అమ్మకు తాను తగ్గుతాండేదే తెలీదు. రెండూ ఒకటేనా?" అనేదాన్ని. "కాదు" అనేది. మళ్లీ పదిరోజులకు ఫోను.

ఒకరోజు ఆమె నన్ను ఎదురు ప్రశ్న వేసింది. "మీరెంత ఉండారు సిస్టరమ్మా?"

చెప్పక తప్పలేదు. ఎనభై ఒకటి.

"మరి మీరెప్పుడు మొదలు పెడతారు?"

ఆ సాయంత్రం పెనుకొండ స్టేషను నుంచి ఇంటికి ఆటో ఎక్కకుండా నడిచాను. ఇప్పటికీ నడుస్తున్నాను. ఆ గొప్ప నాది కాదు, ఆమెది.

2023 శ్రావణం వచ్చేసరికి చౌడమ్మ డెబ్భై నాలుగుకు దిగింది. షుగరు మాత్ర సగానికి తగ్గింది. వ్రతానికి ముందు రోజు గాజులామె వచ్చింది. చౌడమ్మ చెయ్యి పిసికి చూసి, "ఏమమ్మా, పోయినేడు రెండు ఎనిమిది గదా, నీకు ఈసారి రెండు ఆరే పట్టేట్టుండాదే" అంది. వ్రతానికి వచ్చిన ఆడబిడ్డ ఏడ్చేసింది. సైజు తగ్గిందన్న మాట ఆ ఇంట్లో మూడోసారి వినడం మరి.

మూడో రోజు రామాంజనేయులు మా క్లినిక్‌కు వచ్చాడు. మగ్గం వదిలి బయటికి రావడం అరుదైన మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా ఇంటామెకు ఏమన్నా అయితే నువ్వు పూచీనా సిస్టరమ్మా? లావుగా ఉన్నన్నాళ్లూ ఆమెకు మతి బాగుండె. ఒక్క పోగు తప్పలేదు. నువ్వొచ్చినాకనే ఇట్ల చిక్కింది. అక్కను చూసినాను, అత్తను చూసినాను. ఇంకొకర్ని చూడలేను."

ఆయన గొంతులో కోపం కన్నా భయం ఎక్కువ. పూచీ అంటే ఏం చెప్పను? ఆమెకు జబ్బు రాదని నేను రాసివ్వలేను. ఏ డాక్టరూ ఇవ్వలేడు. అప్పటికే లోపల మొదలై ఉండొచ్చు కూడా. రేపు వస్తే, 'ఆ సిస్టరు చిక్కించింది, మతి పోయింది' అని ఆ వీధులన్నీ అనుకుంటాయి. ఇంకెవరూ మా మాట వినరు. నిజం చెప్పాలంటే, ఆ రోజు ఇంటికెళ్లే దారంతా నేనే తప్పు చేశానేమో అనుకుంటూనే నడిచాను.

"పూచీ లేదన్నా" అన్నాను ఆయనతో. "వచ్చే ప్రమాదం తగ్గుతాది. అంతవరకే నేను చెప్పగలను."

"అంతేనా?"

"అంతే."

ఆయన వెళ్లిపోయాడు. చౌడమ్మ ఇక రాదనుకున్నాను. సెప్టెంబరులో ఆమె ఫాలో అప్ రోజు, అంటే మళ్లీ చూపించుకోవాల్సిన రోజు, పొద్దున్నించీ తలుపువైపు చూస్తూనే ఉన్నాను. రాలేదు. మరుసటి వారం కూడా రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు.

మూడో వారం వచ్చింది. వరస తప్పించుకుని ముందుకు రాలేదు, అందరూ అయ్యాక వచ్చి కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మిషను ఎక్కమన్నా ఎక్కలేదు.

"అక్క నన్ను పిలిచింది సిస్టరమ్మా."

"ఓబుళమ్మా? పేరు పెట్టి పిలిచిందా?"

"లేదు. 'అమ్మా' అనింది."

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. ముద్ద కలిపి దగ్గరికి వెళ్తే, ఓబుళమ్మ ఆమె మొహంలోకి తేరిపార చూసి, దాదాపు రెండేళ్ల తర్వాత నోరు తెరిచి, 'అమ్మా, ఇన్నాళ్లూ యాడికి పోయింటివి?' అని అడిగిందట. ఒళ్లు తగ్గాక చౌడమ్మకు తల్లి పోలికలు బయటపడ్డాయి. అదే కోల మొహం, అవే చెంపలు. రామాంజనేయులు గిన్నె లాక్కుని, 'చాలు, ఈ పొద్దునుంచి నువ్వు కడుపునిండా తిను' అని చెయ్యెత్తి మొక్కాడట. అమ్మలా కనపడిందంటే అమ్మకు జరిగిందే జరుగుతుందని వాళ్ల భయం.

"నాకూ భయమైంది. రెండు వారాలు నిద్ర లేదు. తినేద్దామా, మళ్లీ ఒళ్లు తెచ్చుకుందామా అనుకున్నా. ఓళిగ చేతిలోకి కూడా తీసుకున్నా" అంది.

"తిన్నావా?"

"లేదు. అక్కకు పెట్టినా. నోరు తెరిచింది సిస్టరమ్మా. ముందర ఒక్కొక్క ముద్దకు ఎంత బతిమాలాల్సొచ్చేదో మీరు చూసినారు గదా. ఇప్పుడు అమ్మ పెడతాందని తింటాది. నోట్లో పెట్టేంతలోనే ఇంకోటి అంటాది. రెండు వారాల్లో కిలో పెరిగింది."

"నువ్వు చెల్లెలినని చెప్పలేదా?"

"ఎందుకు చెప్పల్ల? చిన్నప్పుడు నాకు అమ్మ మాదిరి పెట్టింది అదే. ఇప్పుడు అది అమ్మా అంటే పలకనా?"

ఆ తర్వాత ఆమె లేచి, మిషను ఎక్కింది. డెబ్భై మూడున్నర. రాసుకోమని నాకు సైగ చేసింది. రాశాను.

ఓబుళమ్మ మరో ఏడాది బతికింది. పోయేనాటికి ఎముకలగూడుగా లేదు, ఒంటి మీద కాస్త కండ ఉంది, వీపున పుండ్లు లేవు. ఆ జబ్బుతో మంచాన పడినవాళ్లను చూసినవాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది. చౌడమ్మ ఇప్పుడు అరవై తొమ్మిది కిలోలు. ఏటా హిందూపురం వెళ్లి పరీక్ష చేయించుకుంటోంది. మొదటిసారి కాగితం పక్కన పెట్టి చూస్తే ఇప్పటిదాకా తేడా లేదు. పోగులు అతుకుతూనే ఉంది. రామాంజనేయులు నాతో మాట్లాడుతున్నాడు, తక్కువే అయినా.

ఈ కేసు నాకు నేర్పింది చిన్నదే, కానీ ఇరవై ఏళ్లలో ఎవరూ నేర్పలేదు. చెప్పిన మాట వినని పేషెంటు మొండిది అనుకునేదాన్ని. ఇప్పుడు 'బరువు తగ్గు' అనే ముందు, 'తగ్గితే ఏమవుతుందని నీ భయం?' అని అడుగుతున్నాను. ఒకామె బిడ్డకు పాలు పడవంటుంది. ఒకాయన చూసినవాళ్లు టీబీ అనుకుంటారంటాడు. ప్రతి ఇంటికీ దాని లెక్క దానికి ఉంది, వాళ్లు కళ్లారా చూసినదాంట్లోంచి కట్టుకున్న లెక్క. దాన్ని వెక్కిరిస్తే లాభం లేదు, కూర్చుని వాళ్లతో కలిసి మళ్లీ చూడాలి. తిట్టడం పూర్తిగా మానేశానని చెప్పను, అబద్ధమవుతుంది.

మొన్న చౌడమ్మ వచ్చినప్పుడు భార్గవి కూడా వచ్చింది. పని అయ్యాక ఉండబట్టలేక అడిగాను.

"ఇంత చేస్తాండావు గదా చౌడమ్మా. రేపు ఎప్పుడన్నా నీకు ఆ జబ్బు వస్తే?"

అడగకూడని మాటే. ఆమె మాత్రం నొచ్చుకోలేదు. కూతురి భుజం మీద చెయ్యి వేసి లేచింది.

"రాకుండా చేయాల్సిందంతా చేస్తాండా సిస్టరమ్మా. అయినా వస్తే రానీ. ముద్ద ఎట్ల పెట్టాలో నా బిడ్డ చూసింది. నేను దాన్ని అమ్మా అని పిలిచినా అది పలుకుతాది."